లోపలివాళ్ళ సంగతి

మొదలుపెట్టేనాటికి ముక్కలాయన చేతిలో ఉన్నవి ఏడు లక్షలు. ఇరవై ఏళ్ళ పైబడి మిల్లు ముక్కల బట్టలు అమ్మి, కొట్టు అద్దె పోను, ఇంటి ఖర్చు పోను, ఒక ఏడాది కప్పు కారి తడిసిపోయిన సరుకు పోను మిగిలిన ఏడు. ఆయన అక్క దగ్గర ఐదు ఉన్నాయి. అందులో మూడు బావ పోయినప్పుడు ఫ్యాక్టరీవాళ్ళు ఇచ్చినవి. రెండు ఆవిడ ఆస్పత్రి క్యాంటీన్లో నిలబడి కూరగాయలు తరిగి కూడబెట్టినవి. ఏడూ ఐదూ పన్నెండు.

పన్నెండుకి ఇల్లేం వస్తుంది, గోడ వస్తుంది అన్నారు తెలిసినవాళ్ళు. ముక్కలాయన నవ్వి ఊరుకున్నాడు. నిండు తాను బట్ట కొనలేనివాడికి ముక్క అమ్మి బతికిన మనిషికి, చవగ్గా దొరకని వస్తువు ఈ లోకంలో ఉందంటే నమ్మకం కుదరదు.

అక్కతో ఒప్పందం సూటిగానే జరిగింది. ఇల్లు కొని అద్దెకివ్వాలి. వచ్చిన అద్దె నెలనెలా అక్కకే. ఇంటి ధర పెరిగితే ఆ పెరిగింది ఇద్దరికీ. అక్కకి ఆ పెరిగేదాని మీద పెద్ద ఆశ లేదు. ఆవిడ మోకాళ్ళు అరిగిపోయాయి. సాయంత్రమయ్యేసరికి కాళ్ళు దుంగల్లా వాచిపోతున్నాయి. క్యాంటీన్లో కూర్చుని తరగనివ్వరు. జీతం తొమ్మిది వేలు. అద్దె ఎనిమిది వచ్చినా చాలు, కత్తి అక్కడ పడేసి వచ్చేస్తానంది.

"ఎనిమిది గ్యారంటీయేనా?"

"కళ్ళు మూసుకో. తెరిచేసరికి నీ చేతిలో ఉంటాయి."

"నువ్వు కళ్ళు మూసుకోమన్నప్పుడల్లా నాకేదో ఒకటి పోయిందిరా, చిన్నప్పట్నుంచీ," అంది అక్క. అన్నదే కానీ, ఐదు లక్షలూ తెచ్చి ఇచ్చింది.

ముక్కలాయన వ్యాపారంలో సరుకు కొనడానికి ఒక పద్ధతుంది. మిల్లు గోదాములో మిగులు బట్టలు బేళ్ళు కట్టి పడేస్తారు. మూల దగ్గర గోనె కొద్దిగా చించి ఉంచుతారు. అందులోంచి మణికట్టు దాకా చెయ్యి పెట్టి చూడొచ్చు, అంతే. విప్పమంటే కొన్నట్టే. లోపల ఏముందని గోదాము పనివాళ్ళని అడిగితే, వీడికి దీని మీద మనసు పడిందని మేస్త్రీకి క్షణంలో తెలిసిపోతుంది. ధర పెరుగుతుంది. అందుకని కొనదలుచుకున్నవాడు దాని వంక చూడనే చూడడు. పక్క బేలు ఎంత అని అడుగుతాడు. ఆవులిస్తాడు. వెళ్ళిపోతున్నట్టు వెళ్ళి గుమ్మంలో ఆగుతాడు. ఈ పద్ధతిలో ముక్కలాయన నాలుగైదుసార్లు దెబ్బ తిన్నాడు, మిగతా అన్నిసార్లూ బాగుపడ్డాడు. ఇల్లు కూడా అలాగే కొనాలనుకున్నాడు.

ఇల్లు దొరికింది. గోడకి గోడ ఆనుకుని ఉన్న వరస ఇళ్ళ సందులో, చివరి నుంచి రెండోది. ముందు గది, నడిమి గది, వంటిల్లు, వెనక ఒక మంచం పట్టేంత వాకిలి. ఆ సందులో ఇల్లు పదహారుకి తక్కువ పోదు. ఈ ఇంటాయన పధ్నాలుగు అన్నాడు. ఎండలో కూడా ఉన్ని టోపీ తియ్యని మనిషి. లోపల ఒక లారీ డ్రైవరు కుటుంబం ఉంటోంది. ఇలాంటి ఇంటికి అద్దె ఎంతొస్తుందని ముక్కలాయన టీకొట్టువాణ్ణి అడిగాడు, మందుల షాపువాణ్ణి అడిగాడు, రెండిళ్ళ అవతల తలుపు తీసి నిలబడ్డ ముసలమ్మని అడిగాడు. అందరూ ఎనిమిది అన్నారు. అడగనిది ఎవరినయ్యా అంటే, ఆ ఇంట్లో ఉన్నవాళ్ళని.

చూడ్డానికి అక్కని తీసుకెళ్తూ దారిలోనే చెప్పాడు. "నువ్వు నోరు విప్పకూడదు. ఒక్కో మాటకి పదివేలు పెరుగుతుంది."

"మరి నన్నెందుకు తీసుకెళ్తున్నావు? గోడకి ఆనించడానికా?"

"చూసీ చూడనట్టు చూడు. బాగుందని మాత్రం మొహంలో కనబడనివ్వకు."

తలుపు తీసింది డ్రైవరు భార్య. పాతికేళ్ళ పిల్ల, బట్టలు ఉతుకుతూ లేచి వచ్చింది, మోచేతుల దాకా నురగ. ఇల్లు చూడ్డానికొచ్చారని తెలిసి కుర్చీలు లాగింది. ముక్కలాయన కూర్చోలేదు. ముందు గది కప్పు వైపు ఒకసారి, నేల వైపు ఒకసారి చూసి ఆవులించాడు. అక్కకి మాత్రం ఆడమనిషి ఎదురుపడితే పలకరించకుండా ఉండటం ఈ జన్మలో చేతకాదు.

"ఎన్నేళ్ళయిందమ్మా మీరొచ్చి?"

"మూడేళ్ళు దాటింది పిన్నిగారూ. అసలు మేం ఈ ఇల్లు తీసుకున్నప్పుడు..."

ముక్కలాయనకి దగ్గొచ్చింది. చిన్న దగ్గు కాదు, గోడలు అదిరే దగ్గు. "పదక్కా. అవతల ఇంకో ఇల్లు చూడాలి మనం."

"ఏ ఇల్లురా?" అంది అక్క నిజంగానే తెలియక.

ఆయన అక్క మోచెయ్యి పట్టి నొక్కి వీధిలోకి లాక్కొచ్చాడు. చెయ్యి విరిచావు కదరా అని అక్క ఇంటి దాకా సణుగుతూనే ఉంది. బేరం దక్కిందని ఆయన ఈల వేసుకుంటూనే ఉన్నాడు.

బేరానికి కూర్చున్నది టోపీ పెద్దాయన ఇంటి వరండాలో. పధ్నాలుగంటే పధ్నాలుగేనని పెద్దాయన పట్టుపట్టాడు. ముక్కలాయన తన దగ్గరున్న అస్త్రం అప్పుడు తీశాడు.

"లోపల మనుషులున్న ఇల్లు, పెద్దాయనా. ఖాళీ ఇల్లయితే పదిహేనైనా ఇస్తా. రేపు వాళ్ళు లేవమని కూర్చుంటే ఆ తలనొప్పి ఎవరిది?"

పెద్దాయన టోపీ సర్దుకున్నాడు. "వాళ్ళ సంగతి మీరు చూసుకుంటానంటే చెప్పండి. తగ్గించే విషయం ఆలోచిద్దాం."

"చూసుకుంటా. మొత్తం నేనే చూసుకుంటా. పన్నెండు."

"లోపలివాళ్ళకి సంబంధించి ఏదొచ్చినా మళ్ళీ నా గుమ్మం ఎక్కకూడదు మరి."

"ఎక్కితే అడగండి."

పెద్దాయన మొహం వేలాడేసుకుని లోపలికి వెళ్ళాడు. కాసేపాగి వచ్చి, గొంతులో ప్రాణం పోతున్నట్టు సరే అన్నాడు. ఇరవై ఏళ్ళ వ్యాపారంలో రెండు లక్షలు ఇంత సులువుగా ముక్కలాయన ఎప్పుడూ తగ్గించలేదు. దళారీని పెట్టుకోలేదు, ఆ రుసుము మిగిలింది. ప్లీడరుకి చూపించలేదు, ఆ ఫీజూ మిగిలింది. దస్తావేజు రాసేవాడు చివర ఒక వాక్యం రాసి పైకి చదివాడు: ఇంట్లో ప్రస్తుతం ఉంటున్నవారితో ఉన్న అన్ని లావాదేవీల బాధ్యతా కొన్నవారిదే. చదివి, కళ్ళజోడు పైనుంచి చూశాడు.

"అన్నీ కనుక్కున్నారుగా?"

"బట్టల వ్యాపారిని బాబూ. కనుక్కోకుండా కొంటానా?"

ఇల్లు తన ఒక్కడి పేరనే రాయించాడు. అక్క ఆ కాళ్ళతో ఆఫీసుల చుట్టూ ఏం తిరుగుతుంది అన్నాడు. అక్క కూడా నిజమే అంది. ఆ సాయంత్రమే క్యాంటీన్‌కి వెళ్ళి పని మానేస్తున్నానని చెప్పేసింది. మర్నాటికి ఆవిడ నిలబడే చోట ఇంకొకావిడ నిలబడింది.

ఒకటో తారీఖున ముక్కలాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని తన ఇంటికి వెళ్ళాడు. ఎనిమిది కాదు, తొమ్మిది అడిగి ఎనిమిదిన్నర దగ్గర తెగ్గొట్టాలని దారిలో అనుకున్నాడు. డ్రైవరు భార్య తలుపు తీసి నవ్వింది.

"అద్దేమిటండీ అన్నయ్యగారూ?"

"ఇంటద్దెమ్మా. ఇల్లు నేను కొన్నానని తెలుసుగా."

"తెలుసండీ. కానీ మేం అద్దెకి లేం కదా. నాలుగు లక్షలు ఒకేసారి కట్టి ఉంటున్నాం. ఖాళీ చేసిన రోజు ఆ నాలుగూ మాకు తిరిగిచ్చెయ్యాలి, అప్పటిదాకా అద్దె ఉండదు. పెద్దాయనకి అప్పట్లో ఏదో డబ్బు అవసరమొచ్చి అలా మాట్లాడుకున్నాం. మీకు చెప్పలేదా?"

ముక్కలాయన ఇస్త్రీ చొక్కా కాలరు సడలించుకున్నాడు.

"ఆ రోజు నేను చెప్పబోయానండీ," అంది ఆ పిల్ల జాలిగా. "మీకు దగ్గొచ్చింది."

ఆయన గుమ్మంలో నిలబడే లెక్క వేశాడు. అద్దె రావాలంటే వీళ్ళు లేవాలి. వీళ్ళు లేవాలంటే నాలుగు ఇవ్వాలి. పన్నెండూ నాలుగూ పదహారు. అంటే సందులో అందరూ కొన్న ధరకే తనూ కొన్నాడు. కాకపోతే నాలుగు లక్షల అప్పు నెత్తిన పెట్టుకుని, ఆ పెట్టుకోవడాన్ని తెలివితేటలనుకుని కొన్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. వచ్చిన దారిన కాకుండా నేరుగా టోపీ పెద్దాయన ఇంటికి నడిచాడు.

పెద్దాయన వరండాలో బత్తాయి ఒలుచుకుంటున్నాడు.

"మనిషివేనా నువ్వు? వయసుకి తగ్గ పనేనా ఇది? నాలుగు లక్షలు మింగి, ఆ మాట నాతో అనకుండా..."

"అనలేదు. నిజమే," అన్నాడు పెద్దాయన తొన నోట్లో వేసుకుంటూ. "మీరు అడిగారా? అడిగితే చెప్పేవాణ్ణి. వాళ్ళ సంగతి మీరు చూసుకుంటారా అని నేనే అడిగాను కదా. చూసుకుంటానన్నారు. అందుకేగా తగ్గించింది?"

"అది వాళ్ళని లేపడం గురించి!"

"నేను లేపడం అనలేదే. వాళ్ళ సంగతి అన్నాను." పెద్దాయన గింజ ఊసి, కాస్త ఆలోచించి, ఓదార్చడానికన్నట్టు అన్నాడు. "ఇప్పుడు చెప్తే ఏం పోయింది కానీ, నేను పదకొండుకి కూడా సిద్ధపడే కూర్చున్నానండీ ఆ రోజు. మీరే పన్నెండు దగ్గర ఆగారు."

నాలుగు లక్షల సంగతికి పుట్టిన కోపం ఒక ఎత్తు, ఈ మాటకి పుట్టిన కోపం ఇంకో ఎత్తు. ముక్కలాయన వీధిలోకి దిగి ఊరంతా వినబడేలా అరిచాడు. దొంగ అన్నాడు, కొంపలు ముంచేవాడన్నాడు. నలుగురు పోగయ్యారు. అందులో ఒకాయన, "ఏం మోసం చేశాడండీ?" అని అడిగాడు. చెప్పడానికి ముక్కలాయన నోరు తెరిచాడు. దాచాడు అనడానికి లేదు, తను అడగలేదు. అబద్ధమాడాడు అనడానికి లేదు, ఆడలేదు. తెరిచిన నోరు మూసుకుని చెమట తుడుచుకుంటూ వచ్చేశాడు. దస్తావేజు రాసినవాడు ఆ చివరి వాక్యం మీద వేలు పెట్టి చూపించి, కోర్టుకెళ్తే మీ ఓపిక అన్నాడు.

ఇక అక్కకి చెప్పాలి. చెప్పలేదు. కొట్టు గల్లాపెట్టెలోంచి ఎనిమిది వేలు తీసి, కవర్లో పెట్టి, తీసుకెళ్ళి అక్క చేతిలో పెట్టాడు.

"చూశావా? కళ్ళు తెరిచేసరికి చేతిలో ఉన్నాయా లేదా?"

"మాట నిలబెట్టుకున్నావురా," అని అక్క కళ్ళు తుడుచుకుంది. ముక్కలాయనకి ఆ పూట అన్నం సహించలేదు. రెండో నెలా అలాగే ఇచ్చాడు. మూడో నెలా ఇచ్చాడు. వారం తిరక్కుండా, పదకొండు గంటల వేళ, కొట్టు మెట్లు మూడూ ఎక్కలేక ఎక్కలేక ఎక్కి అక్క వచ్చి నిలబడింది. కొట్లో ఇద్దరు ఆడవాళ్ళు ముక్కలు ఏరుకుంటున్నారు. లోపల ముక్కలాయన భార్య మీటరు కర్రతో కొలుస్తోంది. అక్క చేతిలోని ఎనిమిది వేలూ బల్ల మీద పెట్టింది.

"ఇవెక్కడివిరా?"

"అద్దె."

"ఎవరిచ్చారు?"

"అదేం ప్రశ్న? డ్రైవరు భార్య."

"ఆ పిల్ల దగ్గర్నుంచే వస్తున్నా. ఇల్లెలా ఉందో చూద్దామని వెళ్ళా, కుళాయిలేమన్నా కారుతున్నాయేమోనని. నా ఇల్లు కదా! కాఫీ తాగాను, గంట కూర్చున్నాను. ఇప్పుడు చెప్పు. ఎవరిచ్చారు?"

ముక్కలాయన కర్ర దొరికినట్టు కోపాన్ని పట్టుకున్నాడు. "ఆ ముసలాడు ముంచేశాడక్కా! నాలుగు లక్షలు దిగమింగి నాకు టోపీ పెట్టాడు."

"వాడు పెట్టుకున్నది వాడి నెత్తిన. నీ నెత్తిన పెట్టుకున్నది నువ్వే." అక్క గొంతు వీధిలోకి వినబడుతోంది. "ముసలాడు అబద్ధం చెప్పాడా? ఆ పిల్ల చెప్పిందా? ఆ రాసినవాడు చెప్పాడా? చెప్పబోతే దగ్గినవాడెవడు? నా చెయ్యి విరిచి బయటికి లాక్కొచ్చినవాడెవడు? ఇంత వ్యవహారంలో అబద్ధమాడింది నువ్వొక్కడివేరా. అదీ నాకు!"

"నీ మనసు కష్టపెట్టడమెందుకని..."

"నా మనసు సంగతి నేను చూసుకుంటా. మూడు నెలలు నాకు అద్దె వస్తోందనుకుని కాలు మీద కాలేసుకుని కూర్చున్నా. మొదటి నెలే చెప్పి ఉంటే, ఏడ్చో మొత్తుకునో ఆ క్యాంటీన్‌లోనే నిలబడేదాన్ని. అప్పటికింకా బతిమాలుకుంటే తీసుకునేవాళ్ళు. ఇప్పుడెవడు తీసుకుంటాడు నన్ను, ఈ కాళ్ళతో?"

"నా ఏడు మాత్రం పోలేదా? నేను కావాలని చేశానా?" ముక్కలాయన కూడా అరిచాడు. బల్ల మీద గుద్దాడు. చెయ్యి నొప్పెట్టింది.

"నీ ఏడు పోతే నీకు కొట్టుంది. నాకేముంది చెప్పు. అరిచావుగా, చెప్పు!"

ఏరుకుంటున్న ఇద్దరిలో ఒకావిడ, ఈ గొడవ ఎటు తిరిగీ తేలేలా లేదనుకుని, "ఈ ముక్క ఎంతండీ?" అని నెమ్మదిగా అడిగింది.

"మడత విప్పి, చిరుగుందేమో చూసుకోమ్మా ముందు," అంది అక్క. "ఆయన చూడడు."

ఆ ఇద్దరూ నవ్వు ఆపుకోలేకపోయారు. లోపల భార్య కూడా నవ్వు దాచుకుంటూ పక్కకి తిరిగింది. ముక్కలాయన ఆవిడ వంక గుర్రుగా చూశాడు. "నీకేం నవ్వులాటగా ఉందా?"

"వదినగారు అంటున్నవి నేను మూడు నెలలుగా అనాలనుకుంటున్నవే," అంది భార్య, కర్ర కింద పెట్టకుండానే. "గల్లాలో ఎనిమిది వేలు తగ్గితే కొలిచేదానికి తెలీదనుకున్నారా?"

ఆ దెబ్బతో ముక్కలాయన స్టూలు మీద కూలబడ్డాడు. అక్క నిలబడే ఉంది. కూర్చోమని ఎవరన్నా అంటే అప్పుడు కూడా నిలబడే ఉండేలా ఉంది.

"నా ఐదు లక్షలు పడెయ్."

"లేవు."

"తెలుసు. అందుకని విను. ఆ పిల్లతో నేను మాట్లాడే వచ్చాను. మొగుడు నెలలో ఇరవై రోజులు రోడ్ల మీదే ఉంటాడట. మూడు గదులు వాళ్ళకెందుకు? ముందు గది నాకు వదిలేస్తుంది. దానికి నాలుగులో ఒకటి వెనక్కి ఇమ్మంది. ఆ లక్ష నువ్వు కట్టు. ఇప్పుడుంటున్న గదికి నేను కట్టే అద్దె మూడు వేలూ నాకు మిగులుతాయి."

ముక్కలాయన తలెత్తాడు. రెండు నెలలు తనకి నిద్ర లేకుండా చేసిన ముడి, ఒక కప్పు కాఫీకి ఇంత సులువుగా విడిపోయిందంటే నమ్మబుద్ధి కాలేదు. సంతోషం కూడా కలగలేదు. ఆ కాఫీ ఖర్చు తను వేసిన ఏ లెక్కలోనూ ఎప్పుడూ లేకపోయిందేనని తన మీదే ఒళ్ళు మండింది.

"ఇంకా ఉంది. ఇంటి కాయితంలో నా పేరు ఎక్కించు. నా పేరు ముందుండాలి. ఆ తిరుగుడేదో నేనే తిరుగుతా, కాళ్ళు విరిగినా సరే. ఆ మిగతా మూడు లక్షలూ కట్టి అద్దె తెచ్చేదాకా, నువ్వు ఇస్తానన్న ఎనిమిది వేలూ ఈ కొట్టులోంచే రావాలి. అద్దె అని చెప్పి ఇవ్వకు. జుర్మానా అని చెప్పి ఇయ్యి."

"కొట్టు ఈ మధ్య బాగా లేదక్కా," అన్నాడు ముక్కలాయన. అలవాటైన నాలుక. "ఏడు చేసుకో."

అక్క ఆయన వంక చూసిన చూపుకి ఏరుకుంటున్న ఆడవాళ్ళు కూడా చేతులాపేశారు.

"నాతో బేరమా? నాతోనా? ఎనిమిదిన్నర."

"అక్కా..."

"నోరు విప్పావంటే ఒక్కో మాటకి ఐదొందలు పెరుగుతుంది."

ముక్కలాయన నోరు మూసుకున్నాడు.

లక్ష కోసం ఆయన తన కొట్టులో విప్పని బేళ్ళు ఆరు అమ్మాడు. కొన్నది ఎదురు కొట్టువాడు. వాడు వచ్చి, అటు చూడకుండా, ఆవులించి, పక్కనున్న ఖాళీ పెట్టెలు ఎంతకిస్తావని అడిగినప్పుడు ముక్కలాయనకి వాడి గొంతు పట్టుకోవాలనిపించింది. పట్టుకోలేదు. ముప్పై వేలు నష్టానికి అమ్మి, లక్ష తీసుకెళ్ళి డ్రైవరు భార్య చేతిలో పెట్టాడు. ఆ పిల్ల రెండుసార్లు లెక్కపెట్టుకుంది. పక్కనే అక్క మూడోసారి లెక్కపెట్టింది.

అక్క ముందు గదిలో దిగింది. ఒక మంచం, ఒక స్టవ్వు, కిటికీ దగ్గర కుర్చీ. కుర్చీలో కూర్చుని తరుగుతుంది, తన కూర తనే. మొదటి తారీఖున ముక్కలాయన వెళ్తే గుమ్మంలోనే నిలబెట్టి డబ్బు తీసుకుంటుంది. అక్క ఆయనతో మాట్లాడుతుంది, కాదనలేం. వినే మాటలు కావు అవి, అంతే. లోపల అక్కకీ ఆ పిల్లకీ కబుర్లు, నవ్వులు. ఆయన గుమ్మంలోకి రాగానే ఆ నవ్వులు ఆగుతాయి, తిరిగి వెళ్తూ వీధి మలుపు తిరగ్గానే మళ్ళీ మొదలవుతాయి.

ఏడాది తిరిగినప్పుడు ఒకసారి ధైర్యం చేసి అడిగాడు. "ఇప్పటికైనా చల్లబడ్డావా అక్కా? కూర్చుని తింటున్నావు, కాళ్ళ వాపు తగ్గింది. నా వల్లేగా?"

"కాళ్ళు తగ్గాయి," అంది అక్క డబ్బు లెక్కపెడుతూ. "కోపం తగ్గలేదు. ఒకదాని డబ్బు తెచ్చి ఇంకోదానికి జమ కట్టకు."

ఆయన వీధిలోకి దిగి నడుస్తూ, మానుకోలేక, మొత్తం ఒకసారి కూడాడు. పెట్టింది పన్నెండు. డ్రైవరు భార్యకి కట్టింది ఒకటి. బేళ్ళ మీద పోయింది ముప్పై వేలు, కాయితం మళ్ళీ రాయించినందుకు పాతిక వేలు. అక్కకి ఏడాదికి లక్షా రెండు వేలు, అది ఇంకా ఆగలేదు. ఇవ్వాల్సినవి ఇంకా మూడు లక్షలు. వచ్చిన అద్దె సున్నా. సందులో ధర కూడా పెరగలేదు, పదహారు దగ్గరే ఉంది. ఇదంతా పోసి తను సంపాదించుకున్నది అద్దె రాని ఇల్లొకటి, పనికి వెళ్ళనక్కర్లేని అక్క ఒకతి. ఆ రెండిట్లో ఏదీ తన మాట వినదు.